గల్లాపెట్టె దగ్గరికి పాఠం రావాలి

ఆదోని, ఎమ్మిగనూరు, చిప్పగిరి ప్రాంతాల చిన్న వ్యాపారులకు, ప్రజాప్రతినిధులకు, అధికారులకు విన్నపం

2016 జూన్‌లో దేవనకొండ మండలంలో 175 మంది వేరుశెనగ రైతులు దుక్కులు దున్నుకుని, విత్తనం సిద్ధం చేసుకుని కూడా వేయకుండా ఆగారు. వాళ్ళ ఫోన్లకు తెలుగులో ఒక మెసేజ్ రావాల్సి ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, మైక్రోసాఫ్ట్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఆ ఏడాది ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ళ వాతావరణ లెక్కలు కంప్యూటర్‌కు ఇచ్చి, విత్తడానికి ఏ వారం మంచిదో కృత్రిమ మేధతో, అంటే ఇప్పుడు అందరూ ఏఐ అంటున్న దానితో, తేల్చి చెప్పించాయి. జూన్ చివరి వారంలో విత్తమని సలహా వచ్చింది. ఆ మాట విని ఆగినవాళ్ళకు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఏడాది ఆంధ్ర, కర్ణాటకల్లో మూడు వేలకు పైగా రైతులకు ఇవే సలహాలు అందాయి.

దేవనకొండ, చిప్పగిరి రెండూ ఆలూరు అసెంబ్లీ నియోజకవర్గంలోవే. చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది 2022 నవంబర్ 30న. అంతకు ఆరేళ్ళ ముందే ఈ మెట్టనేలలో ఏఐ మాట విని ఒక పంట పండింది. ‘ఇదంతా బెంగళూరు, హైదరాబాద్ వాళ్ళ సంగతి, మన కరువు సీమకెందుకు’ అనే మాట ఈ ప్రాంతానికి చెల్లదు.

అయితే ఆ ప్రయోగంలో గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆ రైతులు కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మెసేజ్ వచ్చే మామూలు ఫోన్ చాలింది. లెక్క కట్టింది శాస్త్రవేత్తలు, పంపింది వాళ్ళే. సలహా తప్పితే వెళ్ళి అడగడానికి ఒక సంస్థ ఉంది, దానికో చిరునామా ఉంది.

ఈ రోజు చిప్పగిరిలో కిరాణా అంగడి నడిపే మనిషికి ఆ ఆసరా లేదు. ఏఐ ఆయన చేతిలోని ఫోన్‌లోకే వచ్చి కూర్చుంది. 2024 జూన్ నుంచి వాట్సాప్‌లోనే మెటా ఏఐ గుండ్రటి గుర్తు కనిపిస్తోంది. అదే నెలలో గూగుల్ జెమినీ యాప్ ఇండియాకు వచ్చినప్పుడే తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు భాషల్లోనూ పనిచేసేలా వచ్చింది. ఆదోని బజారులో ఎక్కువగా వినిపించే భాషలు ఈ మూడే. 2025 అక్టోబర్ చివర జియో అపరిమిత 5జీ ప్లాన్ ఉన్న తన ఖాతాదారులకు జెమినీ ప్రో ప్లాన్‌ను 18 నెలలు ఉచితమంది. నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో ప్లాన్ దేశంలో ఏడాదిపాటు ఉచితమైంది. సాధనం వచ్చింది, భాష వచ్చింది, ధర కూడా తాత్కాలికంగా తగ్గింది. ఏది అడగాలి, వచ్చిన జవాబును ఎలా సరిచూసుకోవాలి, ఏది అసలు అడగకూడదు అనేది నేర్పే మనిషి మాత్రం రాలేదు.

అందుకే ఈ కరపత్రం ఒకే కోరికతో వస్తోంది. పశ్చిమ కర్నూలులోని ప్రతి గ్రామ సచివాలయంలో, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో ప్రతి వార్డులో, వారానికి ఒక సాయంత్రం చిన్న వ్యాపారులకు ఏఐ పాఠం నడపాలి. తెలుగులో నడపాలి. వాళ్ళ ఫోన్ల మీదే, వాళ్ళ బేరం పని మీదే నడపాలి.

ఫోన్‌పే, గూగుల్ పే ఎవరు నేర్పారు, దీనికి మాత్రం బడి ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. యూపీఐ 2016 ఏప్రిల్ 11న మొదలైంది. ఆ నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. కొన్నేళ్ళకే ఉగ్గాని, బజ్జీ అమ్మే బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ వేలాడింది. వ్యాపారులు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. ఎందుకు నేర్చుకోగలిగారంటే, అక్కడ తప్పు జరిగితే ఆ నిమిషంలోనే తెలిసిపోతుంది. డబ్బు పడితే సౌండ్ బాక్స్ తెలుగులో చెబుతుంది, పడకపోతే చెప్పదు. కొనేవాడు ఇంకా ఎదురుగానే ఉంటాడు.

ఏఐ దగ్గర తప్పు అలా బయటపడదు. ఒప్పు జవాబు ఎంత ధీమాగా, ఎంత చక్కటి వాక్యాల్లో వస్తుందో, తప్పు జవాబూ అంతే ధీమాగా వస్తుంది. ఉదాహరణకు జీఎస్టీ రేట్లే తీసుకుందాం. 2025 సెప్టెంబర్ 21 దాకా వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ బట్టల మీద పన్ను 12 శాతం. సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల వరకు 5 శాతమే, అది దాటితే 18 శాతం. కుట్టు మిషన్ మీద పన్ను 12 నుంచి 5కు దిగింది. ఏఐ సాధనాలు పాత తేదీల సమాచారంతో తయారవుతాయి. ఇంటర్నెట్‌లో కొత్తగా వెతికి చెప్పమని అడక్కపోతే పాత 12 శాతమే చెప్పే ప్రమాదం ఉంది. ఆదోనిలో బట్టల అంగడి ఆయన 1,800 రూపాయల డ్రస్సుకు ఆ లెక్కతో బిల్లు రాస్తే, కొన్నవాళ్ళ దగ్గర ఎక్కువ గుంజినట్టు అవుతుంది. ఏ సౌండ్ బాక్సూ అరవదు. నెలల తర్వాత లెక్కలు చూసే అకౌంటెంట్‌కో, పన్నుల అధికారికో తెలుస్తుంది. యూపీఐ బడి లేకుండా వచ్చింది కాబట్టి ఏఐ కూడా అలాగే వస్తుందనుకోవడం అందుకే పొరపాటు.

జరగబోయే మేలు కూడా చిన్నది కాదు. చిన్న వ్యాపారికి అన్నిటికన్నా ఎక్కువ భయం పుట్టించేది పోటీ కాదు, ఇంగ్లీషులో వచ్చే కాగితం. బ్యాంకు నుంచి, పన్నుల శాఖ నుంచి, కరెంటు ఆఫీసు నుంచి వచ్చే ఆ కాగితం పట్టుకుని ఆయన ఎవరో ఒకరి దగ్గరికి పరిగెత్తుతాడు. 2025 జూలైలో పక్క రాష్ట్రం కర్ణాటకలో ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. యూపీఐ లావాదేవీల లెక్క చూసి అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేల మంది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. కూరగాయలు అమ్మేవాళ్ళు, బేకరీలు నడిపేవాళ్ళు బెదిరిపోయారు. బెంగళూరులో చాలా అంగళ్ళు క్యూఆర్ కోడ్‌లు పీకేసి ‘నగదు మాత్రమే’ అని అట్టలు పెట్టాయి. సరుకులు అమ్మేవాళ్ళకు ఏడాది టర్నోవర్ 40 లక్షలు, సేవలు అందించేవాళ్ళకు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని, తాజా కూరగాయల మీద పన్నే లేదని, నోటీసుకు గడువులోగా జవాబు రాసుకునే హక్కు ఉందని ముందే తెలిసి ఉంటే ఆ బెదురులో సగమైనా తగ్గేది.

ఇలాంటి కాగితం విషయంలో ఏఐ అక్కరకొస్తుంది. నోటీసు ఫోటో తీసి, పేరు, పాన్, జీఎస్టీ, ఖాతా నంబర్లు కనిపించకుండా మూసి, ‘ఇందులో ఏమడుగుతున్నారు, గడువు ఎప్పటిదాకా, నేను ఏ కాగితాలు తీసుకెళ్ళాలి, తెలుగులో చెప్పు’ అంటే నిమిషంలో విషయం తెలుస్తుంది. జవాబు రాయాల్సింది మాత్రం అకౌంటెంటో, లాయరో. అయితే వాళ్ళ గుమ్మం ఎక్కేటప్పటికే ఏం జరుగుతోందో తెలిసిన వ్యాపారికీ, ఏమీ తెలియక చేతులు కట్టుకుని నిలబడిన వ్యాపారికీ జరిగే మర్యాద వేరు, పడే ఫీజు వేరు. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సంగతీ అంతే. 2020 జూలై 1 నుంచి నడుస్తున్న ఆ నమోదుకు ప్రభుత్వం పైసా తీసుకోదు. అది తెలియని వాళ్ళ దగ్గర డబ్బు గుంజే నకిలీ వెబ్‌సైట్లు మాత్రం ఉన్నాయి. అడగడం వచ్చిన మనిషిని దోచుకోవడం కష్టం.

చిప్పగిరికే ప్రత్యేకమైన అవకాశం ఇంకొకటి ఉంది. హరిదాసుల్లో పేరెన్నికగన్న విజయదాసు 1755లో కార్తీక శుద్ధ దశమి నాడు పరమపదించింది ఈ ఊళ్ళోనే. ఆయన కీర్తనలు కన్నడంలోవి, ఆయన భక్తుల్లో ఎక్కువమంది కన్నడిగులు. ఆరాధన రోజుల్లో వచ్చే భక్తులకు అంగడి బోర్డు, భోజనం ధరలు, గది అద్దె, గుంతకల్లుకు వెళ్ళే బండి వేళలు కన్నడంలో రాసి పెట్టుకోవడానికి ఒకప్పుడు పెయింటర్‌ను, కన్నడ పంతులును వెతకాలి. ఇప్పుడు ఫోన్‌కు తెలుగులో చెబితే కన్నడంలో రాసిస్తుంది. ఆ రాసింది బోర్డెక్కే ముందు కన్నడం చదివే మనిషి ఒకసారి చూడాలి. సరిహద్దు ఊరైన చిప్పగిరిలో అలాంటి మనిషికి కొదవ లేదు.

ఎమ్మిగనూరు మగ్గం సంగతి వేరు. అక్కడ నేతగాడికి కావాల్సింది దూరపు కొనుగోలుదారు. చీర కొలత, నూలు రకం, ఉతికే పద్ధతి తెలుగులో చెబితే హిందీలో, ఇంగ్లీషులో వివరం తయారవుతుంది. ఢిల్లీ నుంచి వచ్చిన ప్రశ్నకు ఆ పూటే జవాబు వెళుతుంది. ఇక్కడొక హద్దు కూడా గట్టిగా చెప్పాలి. ఏఐ గీసిన చీర బొమ్మను సరుకు ఫోటోగా పెట్టకూడదు. మగ్గం మీద లేని అంచు, లేని మెరుపు ఆ బొమ్మలో కనిపిస్తాయి. పార్శిల్ విప్పిన కొనుగోలుదారు మోసపోయానంటాడు, ఆ మాట నిజమే అవుతుంది. ఫోటో సొంతది, వెలుతురు పగటిది ఉండాలి. మాటలకు మాత్రమే సాయం తీసుకోవాలి.

ఎరువులు, పురుగుమందుల అంగళ్ళ దగ్గర హద్దు ఇంకా కఠినంగా ఉండాలి. పత్తి పండించే రైతు తెగులు పట్టిన ఆకు తెచ్చి చూపిస్తాడు. అంగడాయన దాని ఫోటో ఏఐకి పెట్టి మందు, మోతాదు అడగడం చాలా తేలిక. అలా వచ్చిన మోతాదును నమ్మి మందు అమ్మడం మాత్రం నేరంతో సమానం. తెగులు గుర్తింపు తప్పితే పంట పోతుంది, మోతాదు మించితే మనిషి ప్రాణానికే ముప్పు. డబ్బా మీది లేబుల్, వ్యవసాయాధికారి, ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, ఈ మూడు తప్ప మోతాదు విషయంలో నాలుగో మాట వినకూడదు. వారం వారం జరిగే పాఠంలో మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది.

ఏఐని పద్ధతిగా వాడితే మంచి ఫలితం వస్తుందనడానికి తెలుగునాట ఇంకో రుజువు కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక ‘సాగు బాగు’ పేరుతో ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతో చేసిన పనిలో ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు వాడకం 9 శాతం తగ్గిందని ఆ వేదిక నివేదించింది. వాట్సాప్‌లో తెలుగులో సలహాలిచ్చే చాట్‌బాట్ అందులో ఒక భాగం మాత్రమే. మట్టి పరీక్షలు, నాణ్యత పరీక్షలు, పొలం దగ్గరికి వచ్చే మనుషులు మిగతా భాగం. దేవనకొండలో శాస్త్రవేత్తలు ఉన్నారు, ఖమ్మంలో క్షేత్ర సిబ్బంది ఉన్నారు. చిన్న వ్యాపారి పక్కన మాత్రం ఎవరూ లేరు.

మనిషి తోడు లేకుండా యాప్ వస్తే ఎలా ఉంటుందో ఆదోని వైపు పత్తి రైతులకు తెలుసు. 2025 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకు భారత పత్తి సంస్థ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకోవాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. ఫోన్ వాడటం రాని రైతు మరొకరి చేతికి ఫోన్ ఇవ్వక తప్పలేదు. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. చదువు రానివాళ్ళను పక్కన పెట్టి ఈ ప్రాంతంలో ఏ కొత్త పనీ మొదలుపెట్టకూడదు. ఏఐ విషయంలో ఊరట ఏమిటంటే, నోటితో అడిగితే నోటితోనే జవాబిస్తుంది. చిప్పగిరి యాస, కన్నడం కలిసిన మాట దానికి మొదట్లో అందకపోవచ్చు. నిదానంగా, చిన్న మాటల్లో, ఒక్కొక్క ప్రశ్నే అడగడం అలవాటైతే అందుతుంది. ఈ అలవాటు పుస్తకం చదివితే రాదు. పక్కన ఒకరు కూర్చుని రెండు మూడు సాయంత్రాలు చేయిస్తే వస్తుంది.

పక్కన ఎవరు కూర్చోవాలి? కొత్త ఉద్యోగాలు సృష్టించాల్సిన పని లేదు. 2019 అక్టోబర్ 2 నుంచి నడుస్తున్న గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, గది ఉంది, ఇంటర్నెట్ ఉంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ పాలనను జనానికి పరిచయం చేసిన అనుభవం కూడా ఈ వ్యవస్థకు ఉంది. డిగ్రీ విద్యార్థుల చదువులో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఒక భాగంగా వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల పిల్లలు సర్వే కాగితాలు నింపి తిరిగి వెళ్ళే బదులు, ఒక్కొక్కరు ఐదారు అంగళ్ళను దత్తత తీసుకుని నేర్పితే ఇద్దరికీ లాభం. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ 2024లో ‘చందమామ కథలు’ అనే తెలుగు ఏఐ మోడల్‌ను తెచ్చినప్పుడు, దానికి కావాల్సిన కథల పేజీలను సిద్ధం చేసింది వేల మంది ఇంజనీరింగ్ విద్యార్థులే. పని చూపిస్తే మన పిల్లలు చేస్తారు.

ఆడవాళ్ళకు వేరే సాయంత్రం ఉండాలి. కుట్టు మిషన్, పచ్చళ్ళు, పాలు, గాజుల వ్యాపారం చేసే డ్వాక్రా సభ్యుల్లో చాలామందికి ఫోన్ ఇంట్లో భర్తదో, కొడుకుదో. పాఠం పొదుపు సంఘం సమావేశం రోజే, సంఘం కూర్చునే చోటే జరిగితే, ఆ పూట ఫోన్ ఆమె చేతికి వస్తుంది. పొదుపు సంఘాల పని చూసే ప్రభుత్వ సంస్థలు, ఊళ్ళలో సెర్ప్, పట్టణాల్లో మెప్మా, దీనికి ముందుకు రావాలి.

పాఠంలో డబ్బు జాగ్రత్తలు కూడా ఉండి తీరాలి. ఓటీపీ, యూపీఐ పిన్, కొన్నవాళ్ళ ఆధార్ నంబర్లు, ఉద్దర పద్దుల్లో పేర్లు ఏ ఏఐకీ ఇవ్వకూడదు. ఉద్దర లెక్క కూడించుకోవాలంటే పేర్ల బదులు అంకెలు వేసుకోవచ్చు. ఉచితమని చేరేటప్పుడు ఆటోపే ఒప్పుకుంటే, గడువు తీరిన నెల నుంచి ఖాతాలో డబ్బు కోతపడుతుంది. ఆ తేదీ గల్లాపెట్టె మూత మీద రాసుకోవాలి. బంధువు గొంతును, అధికారి ముఖాన్ని ఏఐతో సృష్టించి డబ్బడిగే మోసగాళ్ళు ఉన్నారు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి తెలిసిన నంబరుకు తిరిగి చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి.

‘మా అంగడికి వచ్చేది పక్క వీధి వాళ్ళే, నాకెందుకిదంతా’ అనే పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. వీధి చివర అంగడికి వాట్సాప్ ప్రకటనలతో పెద్దగా పెరిగే బేరం ఉండదు. వాళ్ళను బలవంతపెట్టకూడదు. కానీ నోటీసు చదవడం, లోన్ కాగితంలో వడ్డీ ఎంతో తెలుసుకోవడం, మోసాన్ని గుర్తుపట్టడం వాళ్ళకూ కావాలి. ‘మా వాడు చూసుకుంటాడు’ అనే మాట కూడా వినిపిస్తుంది. ఆ కొడుకు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో పనిలో ఉంటే, నోటీసు వచ్చిన పూట అంగట్లో ఉన్నది తండ్రే.

ఈ ప్రాంతానికి కలిసి నేర్చుకోవడం, కలిసి నిలబడటం కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టింది, ఒంటరి నేతగాడు నూలుకూ అమ్మకానికీ షావుకారి దయ మీద బతకాల్సి వస్తోందనే. ఏఐ విషయంలో కూడా ఒంటరి వ్యాపారి పరిస్థితి అదే. నేర్పుతామంటూ వేలకు వేలు ఫీజు అడిగే దళారుల దయ మీద ఆయన్ను వదిలేయకూడదు. ఎమ్మిగనూరు, ఆదోని వర్తక సంఘాలు ఇప్పుడే పూనుకుంటే ఖర్చు పెద్దది కాదు: ఒక గది, ఒక గోడ తెర, నేర్పేవాళ్ళకు బస్సు చార్జీలు.

చిప్పగిరి, ఆలూరు, హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు వ్యాపారులు రాబోయే గ్రామసభలో, వార్డు సమావేశంలో ఈ ఒక్క అంశాన్ని అజెండాలో పెట్టించాలి. వారానికి ఒక సాయంత్రం, ఏ రోజు, ఏ గదిలో, ఎవరు నేర్పుతారు అనే నాలుగు సంగతులు మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు తీసుకోవాలి. ఎమ్మెల్యేలు, కలెక్టరు దానికి ఉత్తర్వు ఇవ్వాలి. సభకు వచ్చేటప్పుడు ప్రతి వ్యాపారీ తనకు అర్థం కాని ఒక ఇంగ్లీషు కాగితం జేబులో పెట్టుకుని రావాలి. మొదటి పాఠం దానితోనే మొదలుపెట్టించుకోవాలి.